వాషింగ్టన్ విశ్వవిద్యాలయ జీనోమ్ శాస్త్రాల విభాగం

అమెరికా పశ్చిమ తీర నగరం సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జన్యు పరిశోధనకు, బోధనకు కేంద్రం ఈ విభాగం. 1959లో జన్యుశాస్త్ర విభాగంగా మొదలైంది. 2001లో మాలిక్యులర్ బయోటెక్నాలజీ విభాగంతో కలిసి ఇప్పటి పేరు పొందింది. కణవిభజనను నడిపే జన్యువుల గుర్తింపు, జీవుల వంశవృక్షాలను లెక్కగట్టే గణితం, డీఎన్‌ఏ చదవడంలో దొర్లే తప్పులను కొలిచే పద్ధతి, అరుదైన వంశపారంపర్య జబ్బుల మూలాలను పట్టుకునే ఎక్సోమ్ సీక్వెన్సింగ్, ఖాళీలు లేని మానవ జీనోమ్ తయారీ... వీటన్నిటిలో ఈ విభాగానికి పెద్ద వాటా ఉంది. వీటిలో చాలా పనులను ముందుండి నడిపినవారు చదువు ఇంకా పూర్తికాని విద్యార్థులు, డాక్టరేట్ పొంది ఎన్నాళ్లో కాని యువ పరిశోధకులు. పరిశోధననూ శిక్షణనూ విడదీయకుండా నడపడమే ఈ విభాగానికి ఇంత బలం ఇచ్చింది.

స్థాపన: మొక్కజొన్న నుంచి ఈస్ట్‌కు

విభాగాన్ని స్థాపించినవారు హెర్షెల్ రోమన్ (1914–1989). మొక్కజొన్న క్రోమోజోముల మీద పనిచేసి 1942లో మిస్సోరి విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. అదే ఏడాది సియాటిల్‌కు వచ్చి వృక్షశాస్త్ర విభాగంలో చేరారు. మొక్కజొన్నలో ఒక సంకరణం చేస్తే ఫలితం తెలియడానికి పంట కాలమంతా ఆగాలి. రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్ కణం గంటన్నర, రెండు గంటల్లో రెండవుతుంది. పైగా ఒక్కో క్రోమోజోముకు ఒకే ప్రతితోనూ బతుకుతుంది, రెండేసి ప్రతులతోనూ బతుకుతుంది. ఒకే ప్రతి ఉన్నప్పుడు జన్యువులోని లోపం దాగే వీలు లేక వెంటనే బయటపడుతుంది. వ్యతిరేక రకం కణంతో జతకట్టిస్తే సంకరణమూ చేయవచ్చు. ఈ సౌలభ్యాలను గుర్తించిన రోమన్ ఈస్ట్ వైపు మళ్లారు.

ఆయన వాడిన లక్షణం కంటికి తేలిగ్గా ఆనుతుంది. అడినైన్ తయారీకి కావలసిన ఒకానొక జన్యువు చెడితే ఈస్ట్ కణంలో ఎర్రటి రంగు పదార్థం పేరుకుంటుంది. అప్పుడు పళ్లెంలో పెరిగే గుంపు మామూలు మీగడ రంగులో కాకుండా ఎర్రగా కనిపిస్తుంది. జన్యువు తిరిగి బాగుపడితే తెల్లబడుతుంది. క్రోమోజోములు ముక్కలు మార్చుకునేటప్పుడు జన్యువు లోపల ఏం జరుగుతుందో రోమన్ ఈ ఎరుపు తెలుపుల లెక్కతో పరిశీలించారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. పళ్లెం, పుల్ల, ఓపిక ఉంటే కొత్తగా చేరిన విద్యార్థి కూడా మొదటి వారంలోనే ప్రయోగం మొదలుపెట్టవచ్చు.

రోమన్ చుట్టూ ఈస్ట్ శాస్త్రజ్ఞులు చేరారు. డొనాల్డ్ హాథోర్న్ ఈస్ట్ జన్యుపటాలు గీశారు. సూక్ష్మజీవశాస్త్ర విభాగానికి చెందిన హోవర్డ్ డగ్లస్‌తో కలిసి, గెలాక్టోజ్ చక్కెరను వాడుకునే జన్యువుల మీద అజమాయిషీ ఎలా సాగుతుందో పరిశీలించారు. ఆ పనిలో ముఖ్య పాత్రధారి గాల్4 అనే జన్యువు.

కణవిభజన రహస్యం

లీలండ్ హార్ట్‌వెల్ 1968లో ఈ విభాగంలో చేరారు. కణం రెండుగా చీలే క్రమాన్ని ఏ జన్యువులు నడుపుతాయన్నది ఆయన ప్రశ్న. దీనికి ఒక చిక్కుంది. విభజనకు తప్పనిసరైన జన్యువు చెడితే కణం పెరగదు, పెరగని కణాన్ని పరీక్షించడం కుదరదు. అందుకని ఆయన వేడికి మాత్రమే చెడిపోయే మార్పులను ఎంచుకున్నారు. అలాంటి కణాలు 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర మామూలుగా పెరుగుతాయి, 36 డిగ్రీలకు తీసుకెళితే ఆగిపోతాయి.

ఆగిన కణాలన్నీ విభజన జన్యువులు చెడినవే కావు. ప్రోటీన్ల తయారీ నిలిచినా కణం ఆగుతుంది. ఆ రెంటినీ వేరుచేసే ఉపాయం ఛాయాచిత్రాల నుంచి దొరికింది. ఈస్ట్ కణం మొగ్గ తొడిగి, ఆ మొగ్గను పెంచి, విడదీసి రెండవుతుంది. మొగ్గ సైజు చూస్తే కణం విభజనలో ఏ దశకు వచ్చిందో చెప్పవచ్చు. కణాలను వేడి చేసే ముందు ఒకసారి, కొన్ని గంటల తర్వాత ఒకసారి ఫొటో తీశారు. విభజన జన్యువు చెడిన రకాల్లో, మొదట వేర్వేరు దశల్లో ఉన్న కణాలన్నీ చివరికి ఒకే ఆకారం దగ్గర ఆగి కనిపించాయి. ఈ ఫొటోల పని చేసిన బ్రయాన్ రీడ్ అప్పటికి డిగ్రీ విద్యార్థి. 1970లో వెలువడిన మొదటి పరిశోధన పత్రంలో హార్ట్‌వెల్, పరిశోధక విద్యార్థి జోసెఫ్ కులోటీల పక్కన ఆయన పేరూ ఉంది.

ఈ దారిలో వందకు పైగా జన్యువులు బయటపడ్డాయి. వాటిలో సీడీసీ28 విభజన చక్రాన్ని మొదలుపెట్టే జన్యువు. 1988లో టెడ్ వైనర్ట్‌తో కలిసి హార్ట్‌వెల్ మరో సంగతి చూపారు. రేడియేషన్ వల్ల డీఎన్‌ఏ దెబ్బతిన్న కణం, మరమ్మతు పూర్తయ్యేదాకా విభజనను ఆపుకుంటుంది. రాడ్9 జన్యువు లేని కణం అలా ఆగలేదు. దెబ్బతిన్న డీఎన్‌ఏతోనే విభజించుకుని చనిపోతుంది. ఈ తనిఖీ వ్యవస్థ తప్పితే మనిషి కణాలు క్యాన్సర్ వైపు ఎలా జారతాయో అర్థం చేసుకోవడానికి ఇది పునాది అయింది. 2001లో పాల్ నర్స్, టిమ్ హంట్‌లతో కలిసి హార్ట్‌వెల్ నోబెల్ బహుమతి అందుకున్నారు.

మానవ జన్యుశాస్త్రం, జనాభా గణితం

ఇదే విశ్వవిద్యాలయంలో 1957లో ఆర్నో మొటుల్‌స్కీ వైద్య జన్యుశాస్త్ర శాఖను ప్రారంభించారు. నాజీల కాలంలో జర్మనీ విడిచి వచ్చిన కుటుంబం ఆయనది. ఒకే మందు ఒకరికి మేలు చేసి మరొకరికి ప్రమాదం తేవడానికి వారసత్వంగా వచ్చే ఎంజైముల తేడా కారణం కావచ్చని 1957లోనే ఆయన రాసిన వ్యాసం, ఔషధ జన్యుశాస్త్రానికి బాట వేసింది. ఆ శాఖకూ జన్యుశాస్త్ర విభాగానికీ మధ్య అధ్యాపకులు, విద్యార్థుల రాకపోకలు ఎప్పుడూ ఉండేవి. 2005లో డెబొరా నికర్‌సన్, మార్క్ రీడర్ బృందం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మోతాదు మనిషి మనిషికీ మారడంలో వీకేఓఆర్‌సీ1 జన్యువు తేడాలకు ఎంత పాత్ర ఉందో చూపింది. మొటుల్‌స్కీ వేసిన బాటకు అది కొనసాగింపు.

స్టాన్లీ గార్ట్‌లర్ చేసిన పని ప్రపంచ ప్రయోగశాలలన్నిటికీ మేలుకొలుపు. వేర్వేరు మనుషుల నుంచి తీసి పెంచుతున్నామని అందరూ నమ్ముతున్న 18 కణ శ్రేణులను ఆయన పరీక్షించారు. అన్నిటిలోనూ జీ6పీడీ ఎంజైములో ఒకే రూపం కనిపించింది. అది దాదాపుగా ఆఫ్రికా సంతతి వారిలోనే ఉండే రూపం. హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి వచ్చిన హీలా కణాలు మిగతా పాత్రల్లోకి చొరబడి వాటిని ఆక్రమించాయని దీనితో తేలింది. 1966లో గార్ట్‌లర్ ఈ ఫలితాన్ని ప్రకటించినప్పుడు చాలామంది పరిశోధకులకు అది మింగుడుపడలేదు. వాడుతున్న కణాలు ఎవరివో సరిచూసుకోవడం ఈనాడు ప్రామాణిక పద్ధతి.

1967లో చేరిన జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ పరికరం గణితం. డీఎన్‌ఏ తేడాలను బట్టి జీవుల వంశవృక్షాన్ని సంభావ్యత ఆధారంగా కట్టే పద్ధతిని 1981లోనూ, ఆ వృక్షంలోని ఏ కొమ్మను ఎంతవరకు నమ్మవచ్చో పరీక్షించే విధానాన్ని 1985లోనూ అందించారు. ఆయన రాసిన ఫిలిప్ అనే ప్రోగ్రాం 1980 నుంచి అందరికీ ఉచితం. వైరస్ ఏ ఊరి నుంచి ఏ ఊరికి పాకిందో నేడు గీసే పటాల వెనుక ఉన్నది ఈ గణితమే.

పరికరాల యుగం, విలీనం

1992లో లీరాయ్ హుడ్ కాల్‌టెక్ నుంచి సియాటిల్ వచ్చి మాలిక్యులర్ బయోటెక్నాలజీ విభాగాన్ని నెలకొల్పారు. బిల్ గేట్స్ ఇచ్చిన 1.2 కోట్ల డాలర్ల విరాళం అందుకు ఊతం. డీఎన్‌ఏను నాలుగు రంగుల కాంతితో యంత్రమే చదివే పద్ధతిని 1986లో ప్రకటించిన బృందానికి హుడ్ నాయకుడు. 1992లోనే మేనార్డ్ ఓల్సన్ కూడా సియాటిల్‌కు తిరిగి వచ్చారు. పెద్ద పెద్ద మానవ డీఎన్‌ఏ ముక్కలను ఈస్ట్‌లో పెంచే కృత్రిమ క్రోమోజోములను 1987లో రూపొందించింది సెయింట్ లూయిస్‌లోని ఆయన ప్రయోగశాల. ఆయన నడిపిన సియాటిల్ జీనోమ్ కేంద్రం మానవ జీనోమ్ ప్రాజెక్టులో పాలుపంచుకుంది.

ఫిల్ గ్రీన్ కృషి గురించి సామాన్యులకు తెలిసింది తక్కువ. కానీ అది లేకపోతే నేటి జీనోమ్ శాస్త్రం లేదు. యంత్రం ఒక అక్షరాన్ని చదివి అది ‘ఎ’ అని చెబితే, ఆ మాటను ఎంతవరకు నమ్మాలి? 1998లో వెలువడిన ఆయన ఫ్రెడ్ ప్రోగ్రాం ప్రతి అక్షరానికీ ఒక మార్కు వేస్తుంది. 20 వస్తే నూటిలో ఒక్కటి తప్పు కావచ్చు. 30 వస్తే వెయ్యిలో ఒక్కటి. సందేహాన్ని దాచకుండా అంకెలో చెప్పే ఈ పద్ధతి వల్ల వేర్వేరు దేశాల్లో చదివిన ముక్కలను ఒకచోట పేర్చడం సాధ్యమైంది. యంత్రాలు ఎన్ని తరాలు మారినా మార్కుల పద్ధతి అదే.

గాల్4 కథ కూడా ఈ కాలంలో మళ్లీ సియాటిల్ చేరింది. ఆ ప్రోటీన్‌లో డీఎన్‌ఏను పట్టుకునే భాగం ఒకటి, జన్యువును పనిచేయించే భాగం మరొకటి. రెంటినీ విడదీసి, చెరో దానికీ పరీక్షించదలచిన ప్రోటీన్‌ను తగిలిస్తే, ఆ రెండు ప్రోటీన్లు ఒకదాన్నొకటి అంటుకున్నప్పుడే జన్యువు పనిచేస్తుంది. 1989లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ ఉపాయం కనిపెట్టిన స్టాన్లీ ఫీల్డ్స్, తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. 2000లో ఈస్ట్ ప్రోటీన్ల మధ్య 957 సంబంధాలను ఆయన బృందం పటంగా గీసింది.

2001లో రెండు విభాగాలూ ఒక్కటయ్యాయి. జన్యువును ప్రశ్నించడం తెలిసిన ఈస్ట్ శాస్త్రజ్ఞులూ, యంత్రం కట్టడం తెలిసిన ఇంజినీర్లూ, లెక్క తెలిసిన గణితజ్ఞులూ ఒకే నడవాలోకి వచ్చారు. సీ. ఎలిగాన్స్ అనే చిన్న గుండ్రపురుగు జీనోమ్‌ను 1998లో పూర్తిచేసిన బృందాల నాయకుల్లో ఒకరైన రాబర్ట్ వాటర్‌స్టన్ 2003లో అధిపతి అయ్యారు. 2006 నుంచి విభాగం విలియం ఫేగీ భవనంలో ఉంది. ఫేగీ మశూచి నిర్మూలనలో భారతదేశంలో కూడా పనిచేసిన వైద్యుడు.

జబ్బు నుంచి జన్యువుకు

మానవ జీనోమ్‌లో ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం సుమారు ఒక్క శాతం. దాన్నే ఎక్సోమ్ అంటారు. ఆ ఒక్క శాతాన్నే వేరుచేసి చదివితే ఖర్చు బాగా తగ్గుతుంది. 2009లో జే షెండ్యూర్ బృందం 12 మంది ఎక్సోమ్‌లను చదివింది. వారిలో ఎనిమిది మంది సాధారణ వ్యక్తులు, నలుగురు ఫ్రీమన్–షెల్డన్ సిండ్రోమ్ ఉన్నవారు. కారణం ముందే తెలిసిన జబ్బును కావాలనే ఎంచుకుని, పద్ధతి ఆ జన్యువును తానుగా పట్టుకోగలదా అని పరీక్షించారు. పట్టుకుంది. మరుసటి ఏడాది, కారణం తెలియని మిల్లర్ సిండ్రోమ్‌కు మూడు కుటుంబాల్లోని నలుగురి ఎక్సోమ్‌లతో డీహెచ్ఓడీహెచ్ జన్యువే మూలమని తేల్చారు. రెండు పత్రాలకూ ప్రథమ రచయిత పరిశోధక విద్యార్థినే. నేడు ఆసుపత్రిలో బిడ్డ జబ్బు ఏమిటో అంతుపట్టనప్పుడు వైద్యులు రాసిచ్చే ఎక్సోమ్ పరీక్షకు మూలం ఇక్కడుంది.

రొమ్ము క్యాన్సర్ కథ ఇంకా పొడవైనది. 1990లో మేరీ–క్లెయిర్ కింగ్, 23 కుటుంబాల్లోని 146 రొమ్ము క్యాన్సర్ కేసులను పరిశీలించి, వారసత్వ ముప్పు తెచ్చే జన్యువు 17వ క్రోమోజోము మీద ఉందని చూపారు. అప్పుడామె బర్కిలీలో ఉన్నారు. 1995లో సియాటిల్‌కు వచ్చారు. ఆ జన్యువే బీఆర్‌సీఏ1. అయితే పరీక్ష చేయించుకున్న మహిళలో ఆ జన్యువులో ఒక అక్షరం మారిందని తెలిస్తే సరిపోదు. ఆ మార్పు ప్రమాదకరమా, కాదా? అదే మార్పు ఉన్నవారు ప్రపంచంలో ఇంకెవరూ దొరకకపోతే వైద్యులు జవాబు చెప్పలేరు. అర్థం తెలియని ఫలితం చేతికిచ్చి పంపడం ఆ మహిళకు పెద్ద మనోవేదన.

2018లో గ్రెగరీ ఫిండ్లే, లీ స్టారిటా, షెండ్యూర్ తదితరులు ఈ సమస్యను తిరగేసి చూశారు. మార్పు రోగిలో కనబడేదాకా ఆగకుండా, రాగల మార్పులను ముందే తయారుచేసి పరీక్షించారు. బీఆర్‌సీఏ1 లేకపోతే బతకని మానవ కణాలను తీసుకుని, జన్యువులోని కీలక భాగాల్లో ఒక్కొక్క అక్షరాన్ని మారుస్తూ 3,893 మార్పులు ప్రవేశపెట్టారు. మార్పు హానిలేనిదైతే ఆ కణం బతుకుతుంది. హానికరమైతే గుంపులోంచి మాయమవుతుంది. కొన్ని రోజుల తర్వాత మిగిలిన కణాల డీఎన్‌ఏ చదివితే ఏ మార్పు ఎటువంటిదో తెలిసిపోతుంది. రోమన్ కాలంలో రంగు చూసి జన్యువును పరీక్షించిన పద్ధతికీ దీనికీ ఆలోచనలో తేడా లేదు. తేడా అంతా సంఖ్యలోనే. ఫిండ్లే అప్పుడు వైద్యం, పరిశోధన రెండూ కలిపి చదువుతున్న విద్యార్థి.

చివరి ఖాళీలు

2003లో పూర్తయిందని ప్రకటించిన మానవ జీనోమ్‌లో నిజానికి దాదాపు 8 శాతం చదవకుండా మిగిలింది. క్రోమోజోముల నడుమ భాగాల్లోనూ, ఒకే పాఠం మళ్లీ మళ్లీ వచ్చే చోట్లా పొట్టి ముక్కలు పనికిరాలేదు. ఒకే పల్లవి పదే పదే వచ్చే పాటను ముక్కలు చేస్తే, ఏ పల్లవి ఏ చరణం తర్వాతదో ఎవరూ చెప్పలేరు. ఇలా రెట్టింపైన భాగాల మీద ఎవాన్ ఐక్లర్ ఏళ్ల తరబడి పనిచేశారు. మనిషి మెదడు ఎదుగుదలకూ, ఆటిజం వంటి స్థితులకూ సంబంధించిన జన్యువులు కొన్ని ఆ భాగాల్లోనే ఉండటం ఇందుకు ఒక కారణం. పొడవాటి ముక్కలు చదివే యంత్రాలు వచ్చాక, 2021లో 8వ క్రోమోజోమును ఈ కొస నుంచి ఆ కొస దాకా చదివిన పనికి ఆయన ప్రయోగశాలలోని గ్లెనిస్ లాగ్స్‌డన్ ముందు నిలిచారు. 2022లో అనేక సంస్థల కూటమి 305.5 కోట్ల అక్షరాల సంపూర్ణ జీనోమ్‌ను ప్రచురించింది. అందులో కొత్తగా చేరినవి సుమారు 20 కోట్ల అక్షరాలు.

శిక్షణ విధానం

డాక్టరేట్ కోసం చేరే విద్యార్థులు జీవశాస్త్రం నుంచే రారు. కంప్యూటర్ శాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం చదివినవారూ ఉంటారు. మొదటి ఏడాది గైడ్‌ను ఎంచుకోమని ఎవరూ తొందరపెట్టరు. ఒక్కో త్రైమాసికం చొప్పున మూడు ప్రయోగశాలల్లో పనిచేసి, పనితీరునూ మనుషులనూ చూసుకుని, ఆ తర్వాతే ఎక్కడ స్థిరపడాలో నిర్ణయించుకుంటారు. కంప్యూటర్ మనిషి పిపెట్ పట్టడం, పిపెట్ మనిషి ప్రోగ్రాం రాయడం ఈ మొదటి ఏడాదిలోనే అలవాటవుతుంది. జర్నల్ క్లబ్‌లో ఇతరుల పరిశోధన పత్రాలను పంక్తి పంక్తీ విప్పి, ఆధారం ఎక్కడ గట్టిదో, ఎక్కడ బలహీనమో వాదించాలి. ఆపై తన సొంత ప్రతిపాదనను కమిటీ ముందు నిలబెట్టుకోవాలి. డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పడమూ శిక్షణలో భాగమే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శిక్షణ నిధులు చాలామందికి ఆధారం.

బడి పిల్లలనూ ఈ విభాగం వదల్లేదు. మానవ జీనోమ్ ప్రాజెక్టు నడుస్తున్న రోజుల్లోనే ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ తరగతి గదుల్లో డీఎన్‌ఏ ముక్కల వరుస చదివే కార్యక్రమాన్ని నడిపింది. ఉపాధ్యాయులకు పాఠ్య సామగ్రి తయారుచేసి ఇచ్చింది.

తెలుగువారితో సంబంధం

మొటుల్‌స్కీ 1957 నాటి వ్యాసంలో చర్చించిన ఉదాహరణల్లో ఒకటి, శస్త్రచికిత్సలో కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు. దాన్ని విరిచే ఎంజైము వారసత్వంగా లోపించినవారికి మత్తు తర్వాత ఊపిరి వెంటనే తిరిగి రాదు. ఈ లోపం తెలుగు వైశ్య సముదాయంలో ఎక్కువగా కనిపిస్తుందని తర్వాతి కాలంలో భారతీయ పరిశోధకులు చూపారు. ఆపరేషన్‌కు ముందు ఈ విషయం వైద్యుడికి చెప్పడం ప్రాణం కాపాడే జాగ్రత్త.

ఇదే విభాగానికి చెందిన బెంజమిన్ హాల్, గుస్తావ్ అమ్మెరర్‌లు విదేశీ జన్యువుల చేత ఈస్ట్‌లో ప్రోటీన్ తయారుచేయించే పద్ధతిని రూపొందించారు. 1982లో ఇతర శాస్త్రజ్ఞులతో కలిసి హెపటైటిస్ బి వైరస్ ఉపరితల ప్రోటీన్‌ను ఈస్ట్‌లో తయారుచేసి చూపారు. 1986లో అమెరికాలో అనుమతి పొందిన టీకా ఈ తరహాలో వచ్చిందే. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన శాన్‌వాక్–బి టీకా కూడా ఈస్ట్‌లో తయారైనదే. ఈస్ట్ జాతి మాత్రం వేరు.

2001లో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి విశాఖ ప్రాంత కులాల జన్యు వైవిధ్యాన్ని ప్రచురించిన మైకేల్ బామ్‌షాద్ తర్వాత సియాటిల్‌కు వచ్చారు. మిల్లర్ సిండ్రోమ్ పరిశోధనను నడిపినవారిలో ఆయన ఒకరు. 2015లో పూర్తయిన ‘వెయ్యి జీనోమ్‌ల’ ప్రాజెక్టులోని 26 జన సమూహాల్లో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారిదీ ఒకటి. 2,504 మంది జీనోమ్‌లలోని పెద్ద మార్పుల పటాన్ని తయారుచేసినవారిలో ఐక్లర్ బృందం ఉంది. మన జీనోమ్‌ల వివరాలు ప్రపంచానికి అలా కూడా తెలిశాయి.

ప్రాధాన్యం, ముందున్న పని

ప్రపంచ జన్యు సమాచార నిధుల్లో యూరప్ సంతతి వారి వాటా చాలా ఎక్కువ. అందువల్ల ఒక తెలుగు కుటుంబంలో కనిపించిన మార్పుకు అర్థం చెప్పడం నేటికీ కష్టం. ఒకే సముదాయంలో పెళ్లిళ్లు, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో, రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బుల భారమూ ఎక్కువే. బీఆర్‌సీఏ1 మీద చేసినట్టు మార్పులను ప్రయోగశాలలోనే ముందుగా పరీక్షించే పద్ధతి ఈ కొరతను కొంత తీర్చగలదు. ఎందుకంటే కణానికి ఆ మార్పు ఏ దేశపు రోగిదో అక్కర్లేదు. మిగతా కొరత తీరాలంటే మాత్రం ఇక్కడి కుటుంబాలను కలిసి, వారి సమ్మతితో వివరాలు సేకరించి, వారికే ఉపయోగపడేలా విశ్లేషించే మనుషులు కావాలి.

అలాంటి మనుషులను తయారుచేయడం ఎలాగో సియాటిల్ విభాగం ఆరు దశాబ్దాల చరిత్ర చెబుతోంది. తక్కువ ఖర్చుతో నడిచే జీవిని ఎంచుకోవాలి. పద్ధతి ముందు తెలిసిన జవాబు మీద గెలిచాకే తెలియని ప్రశ్న మీద వాడాలి. ఫలితంలో ఎంత సందేహం ఉందో అంకెలో చెప్పాలి. జీవశాస్త్రాన్నీ గణితాన్నీ ఒకే విద్యార్థికి నేర్పాలి. ముఖ్యంగా, నేర్చుకుంటున్నవారికే అసలైన ప్రశ్న అప్పగించాలి. పెద్ద భవనాలు, విరాళాలు తర్వాత వచ్చాయి. హార్ట్‌వెల్ నోబెల్‌కు దారితీసిన ఫొటోలు ఒక డిగ్రీ విద్యార్థి తీసే నాటికి అక్కడ జీనోమ్ యంత్రం ఒక్కటీ లేదు. ఈ అలవాట్లలో ఏదీ మన విశ్వవిద్యాలయాలకు అందనిది కాదు.